పావు అంగుళం

నమూనా ఓడ నడుమ నలుచదరంగా ఒక నోరు తెరుచుకుని ఉంది. నిన్న సాయంత్రం చిన్నమేస్త్రి తన చేత్తో జిగురు పెట్టి అంటించిన గట్టు అక్కడ లేదు.

బల్ల పక్కన ఎత్తుపీట మీద అక్క కూర్చుని ఉంది. ఒడిలో సన్నకత్తి, అరచేతిలో నాలుగు చెక్కముక్కలు. వాటిని దాచే ప్రయత్నం కూడా చేయలేదు.

"నేనే తీశాను. డెక్కు మీద గీత పడలేదు, చూసుకో," అంది.

చిన్నమేస్త్రి వంగి చూశాడు. నిజంగానే గీత పడలేదు. తడిగుడ్డతో జిగురు నానబెట్టి, కత్తి మొన దూర్చి, ఒక్కో ముక్కనీ ఓపిగ్గా లేపింది. ఆ ఓపిక ఆమెకి ఈ నాలుగు నెలల్లో వచ్చిందే. బావ పోయాక ఈ ఇంటికి వచ్చిన దగ్గర్నుంచీ ఆమె పగలంతా ఈ గదిలోనే ఉంటోంది. తెరచాపల తాళ్లు తిరిగే కప్పీలు, మినపగింజంతవి, నూట ఎనభై. వాటిలో సగానికి పైగా చిల్లులు పొడిచింది ఆమే.

గడియారం పదకొండు దాటింది. సాయంత్రం నాలుగింటికి విచారణ కార్యాలయం నించి గుమాస్తా బండి తీసుకుని వస్తాడు. రేపు పొద్దున ఈ చెక్క ఓడని బల్ల మీద పెట్టి, మునిగిపోయిన అసలు ఓడ గురించి తీర్పు చెబుతారు.

ఆ ఓడని కట్టింది వాళ్ల నాన్న, పెద్దమేస్త్రి. దాన్ని నడిపిన సరంగు బావ. పదకొండు మందితో రేవు దాటిన ఓడ అది. ఒక్కరూ తిరిగి రాలేదు. ఒక తెరచాప కొయ్య, రెండు చెక్క పీపాలు మాత్రం ఒడ్డుకి కొట్టుకొచ్చాయి. ఓడ ఎలా ఉండేదో చూపించడానికి ఇంకేమీ మిగల్లేదు కాబట్టి, కట్టినవాడి కొడుకువి, నీకంటే బాగా ఎవరు చేస్తారని విచారణ అధికారి ఈ పని చిన్నమేస్త్రికి అప్పజెప్పాడు. అసలు ఓడలో అడుగు ఉన్నచోట నమూనాలో పావు అంగుళం. పని పూర్తయ్యాక, ఇది ఉన్నది ఉన్నట్టు చేసిందేనని సంతకం పెట్టాలి.

గొడవంతా ఆ గట్టు దగ్గరే వచ్చింది.

ఓడ కడుపులో సరుకు గది ఉంటుంది. దాని నోటి మీద మూత. డెక్కు మీదికి ఎక్కిన నీళ్లు ఆ మూత మీద విరుచుకుపడకుండా చుట్టూ చెక్కగోడలా గట్టు కడతారు. ఓడ కట్టేముందు గీసిన పటంలో దాని ఎత్తు ముప్పై అంగుళాలు. అంత గట్టు ఉండి కూడా నీళ్లు లోపలికి దిగాయంటే మూత సరిగ్గా బిగించని సరంగుదే తప్పని ఓడ యజమాని రాసిచ్చాడు. అక్క మాత్రం పదిరోజులుగా ఒక్కటే మాట అంటోంది. గట్టు ముప్పై లేదు, నాన్న ఒక అడుగు కోయించేశాడు, మిగిలింది పద్దెనిమిదే అని బావ తనతో చెప్పాడని.

ఒక అడుగంటే నమూనాలో పావు అంగుళం. గోరంత చెక్క. ఆ గోరంత చెక్క ఉంటే బావ హంతకుడు. లేకపోతే నాన్న.

"నాన్నని అడిగాను కదా," అన్నాడు చిన్నమేస్త్రి. "పటం ఎలా ఉందో అలా చెయ్యమన్నాడు."

"అవునని గానీ కాదని గానీ అన్నాడా?"

అనలేదు. అందుకే అతను మాట మార్చాడు. పోయిన మనిషి ఇంట్లో అన్న మాట విచారణలో నిలబడదని, చేతిలో ఉన్నది పటమేనని, పటాన్ని కాదని తన ఇష్టం వచ్చినట్టు చేస్తే రేపు తనని కూడా అబద్ధాలకోరంటారని, నిన్న చెప్పినవే మళ్లీ చెప్పాడు. అక్క వింటూ కూర్చుంది. విన్నంతసేపూ ముక్కల్ని అరచేతిలో అటూ ఇటూ దొర్లిస్తూనే ఉంది.

అతని భార్య టీ గ్లాసులతో లోపలికి వచ్చింది. ఖాళీగా ఉన్న ఓడ నోటిని చూసింది, ఆడపడుచు చేతిని చూసింది. ఏం జరిగిందో ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

"ఈ ఇంట్లో మనుషులకన్నా ఆ కప్పీలే నయం. కాస్త నూనె వేస్తే తిరుగుతాయి," అని గ్లాసులు కిటికీ గూట్లో పెట్టింది.

ఆమె ఎప్పుడూ అంతే, కష్టంలో కూడా ఒక చురక వేయందే ఉండదు. కానీ ఆ తర్వాత ఆమె మాట్లాడింది చురక కాదు. మామయ్య నిన్నటి నించి మెతుకు ముట్టలేదని, ముందుగదిలో కుర్చీలో అలాగే కూర్చుని ఉన్నాడని, డెబ్బై రెండేళ్ల మనిషిని జైలుకి పంపి ఈ ఇంట్లో ఎవరు సుఖపడతారని నెమ్మదిగా అడిగింది. పోయినాయన ఎలాగూ తిరిగి రాడంది. ఆ మాట నోరు జారాక తనే నాలిక కరుచుకుంది.

అక్క కోప్పడలేదు. పొద్దున దుకాణానికి వెళ్తుంటే ఎదురింటావిడ తలుపు తీసి తనని చూసి మళ్లీ మూసేసుకున్న సంగతి చెప్పింది. ఎదురింటాయన కూడా ఆ ఓడలోనే పోయాడు. ఇద్దరూ ఒకే రోజు, ఒకే ఒడ్డున నిలబడి ఎదురుచూశారు. అప్పుడు ఆవిడ ఈమె భుజం మీద తల పెట్టుకుని ఏడ్చింది. ఇప్పుడు ఈమె మొగుడే తన మొగుణ్ణి ముంచాడని నమ్ముతోంది.

"పోయినాయన తిరిగి రాడు, నిజమే. కానీ పదిమంది ఆడవాళ్లు రోజూ ఆయన్ని తిడుతున్నారు. నాకు వినబడుతోంది," అంది అక్క.

చిన్నమేస్త్రి భార్య గ్లాసులు అక్కడే వదిలేసి వెళ్లిపోయింది.

చిన్నమేస్త్రి ఏం చేయాలో తోచక పనిలో పడ్డాడు. ఏ ఎత్తులో చేసినా గట్టు మళ్లీ చేయాల్సిందే, నానిన ముక్కలు వంకర తిరుగుతాయి. సన్నచెక్క కోయడానికి బల్ల పైన గోడకున్న అర వైపు చెయ్యి చాపాడు. ఉలులు, ఆకురాళ్లు, జిగురు సీసాలు అన్నీ ఆ అరలోనే ఉంటాయి. ఉలి తీయబోయి ఆగాడు.

అర చెక్కకి వరసగా చిల్లులున్నాయి. ఏడాదిగా రోజూ చూస్తున్న చిల్లులే. వాటి మధ్య దూరం ఇవాళ అతని కంటికి తెలిసిన దూరంలా కనిపించింది. నిన్న నమూనా గట్టుకి వెదురు మేకులు దిగ్గొట్టింది సరిగ్గా ఆ వరసలోనే, చిన్న కొలతలో.

సీసాలన్నీ కిందికి దింపాడు. మేకులు ఊడబెరికి అరని బల్ల మీదికి తెచ్చాడు. మంచి చెక్క, పారేయడమెందుకు, అర కొట్టుకో అని ఏడాది కిందట నాన్నే ఇచ్చాడు. ఒక అంచు గుండ్రంగా, తారు పట్టి నల్లగా ఉంది. గట్టు పై అంచు అలాగే ఉంటుంది, తాళ్లు కోసుకుపోకుండా గుండ్రంగా చెక్కుతారు. నిన్న గాజుపెంకుతో గీకి గీకి ఆ గుండ్రాన్ని తెచ్చింది అతనే. రెండో అంచు మీద రంపం గీతలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి.

కొలత పెట్టాడు. పన్నెండు అంగుళాలు. ఒక వెంట్రుకవాసి ఎక్కువా లేదు, తక్కువా లేదు.

అక్క లేచి వచ్చి పక్కన నిలబడింది. చెక్కని ముట్టుకోలేదు. ఏడాదిగా తాను ఆ చెక్క మీంచి ఉలి తీస్తూ, ఆ చెక్క మీద ఉలి పెడుతూ, దాని కిందే కూర్చుని పటం నమ్ముకుని పని చేశానని చిన్నమేస్త్రికి అప్పుడు తట్టింది.

చెక్కని చంకలో పెట్టుకుని ముందుగదిలోకి వెళ్లాడు.

పెద్దమేస్త్రి కిటికీ వైపు మొహం పెట్టుకుని కుర్చీలో ఉన్నాడు. కొడుకు చెక్కని ఎదుట నిలబెట్టగానే అటు చూశాడు. అది ఏమిటని అడగలేదు.

తర్వాత మొదలుపెట్టాడు. గొంతు పెంచకుండా, ఎవరికో పాఠం చెబుతున్నట్టు. బస్తా మోసేవాళ్లు గట్టు దాటించలేక నడుములు విరగ్గొట్టుకుంటున్నారని యజమాని వచ్చి అడిగాడట. పక్క రేవులో ఓడలన్నిటికీ గట్లు తక్కువేనట. నలభై ఓడలు కట్టిన చెయ్యి ఇది, ఏది ఎంత తగ్గించొచ్చో తనకి తెలియదా అనుకున్నాడట. ఎనిమిది నెలలు ఆ గట్టుతోనే తిరిగింది కదా, ఏమైందని ఎదురడిగాడు.

"అల్లుడు సరంగు కదరా. రోజూ ఆ డెక్కు మీద తిరిగేవాడు. గట్టు చాలకపోతే నాతో చెప్పడూ? ఒక్కనాడు ఒక్క మాట అనలేదు."

"అంటానన్నాడు నాన్నా."

అక్క గుమ్మంలో నిలబడి ఉంది.

"నీతో చెప్తానన్నాడు. నేనే చెప్పనివ్వలేదు."

ఆమె గోడకి ఆనుకుని, ఆగి ఆగి చెప్పింది. బయల్దేరే ముందురోజు ఆయన ఇంటికి వచ్చాడు. గాలి మారుతోంది, ఈ గట్టుతో వెళ్లను, మీ నాన్నతో చెప్పి గట్టుకి ఎత్తు పలక వేయిస్తాను, అప్పటిదాకా ఓడ కదలదన్నాడు. చెప్పులు వేసుకున్నాడు కూడా. అప్పటికే యజమాని ముందు నాన్నకి రెండుసార్లు మాట పడింది. ఇప్పుడు అల్లుడే వచ్చి నీ పని బాగాలేదంటే ముసలాయన తల ఎత్తుకోలేడని ఆమె అడ్డం పడింది. ఈ ఒక్కసారికి వెళ్లి రండి, మీరు తిరిగొచ్చేలోగా నేనే మెల్లిగా చెప్తానంది. ఆయన గుమ్మం దగ్గరే కూర్చున్నాడు. తర్వాత చెప్పులు విప్పాడు.

"నీ పరువు కోసం పంపాను," అంది అక్క.

పెద్దమేస్త్రి ఏదో అనబోయాడు. చేతులు రెండూ కుర్చీ చేతుల మీద బిగుసుకున్నాయి. కూతురు ఏడిస్తే ఊరుకోబెట్టేవాడేమో. ఆమె ఏడవలేదు. తిరిగి పనిగదిలోకి వెళ్లిపోయింది.

గడియారం ఒకటిన్నర చూపిస్తోంది.

చిన్నమేస్త్రి బల్ల ముందు కూర్చున్నాడు. ఎన్ని అంగుళాలని అక్క అడగలేదు, అతను చెప్పలేదు. కొలబద్ద మీద పద్దెనిమిది అంగుళాలకి సరిపడే గీత పెట్టి, చాకు మొనతో చెక్క మీద గుర్తు గీశాడు.

సన్ననార చెక్క అది, మామూలుగా వెన్నలా తెగుతుంది. ఇవాళ తెగలేదు. మొదటి ముక్క మూల దగ్గర చీలిపోయింది. రెండోది కోస్తుంటే కత్తి పక్కకి జారింది. నాలుగు ముక్కల చివరలూ ఒకదానిలో ఒకటి పళ్లలా దిగాలి. ఆ పళ్లు చీమ తలంత. భూతద్దం కింద ఒక్కో పన్నూ చెక్కుతుంటే నుదుటి చెమట చెక్క మీద పడి నార లేచింది. మూడో ముక్క కూడా పక్కన పడేశాడు.

ఈ చేతులు నాన్న నేర్పినవి. ఉలి ఎలా పట్టుకోవాలో, చెక్క ఎటు చీలుతుందో వేలితో తడిమి ఎలా తెలుసుకోవాలో, అంతా ఆయన పక్కన కూర్చుని నేర్చుకున్నదే. ఆ విద్యతోనే ఇప్పుడు ఆయన్ని పట్టివ్వబోతున్నాడు. ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా ఉలి కింద పెట్టాల్సి వచ్చింది.

రెండున్నరకి భార్య మళ్లీ వచ్చింది. గుమ్మంలో నిలబడి, పారేసిన ముక్కల్ని, మొగుడి వేళ్లని, కింద పడున్న అర చెక్కని ఒకదాని తర్వాత ఒకటి చూసింది. ముందుగది మాటలన్నీ ఆమెకి వినబడే ఉంటాయి. కొంగు బిగించుకుని ఎదురుగా కూర్చుంది.

"పట్టకారు ఇలా ఇవ్వండి. పట్టుకోవడం నా వంతు, కోయడం మీ వంతు. తిట్టుకోవడం రేపటికి వాయిదా."

అలాగే చేశారు. ఆమె పట్టుకుంది, అతను కోశాడు, అక్క గాజుపెంకుతో పై అంచులు గుండ్రంగా గీకింది. ముగ్గురి తలలూ ఒకే దీపం కింద దాదాపు ఆనుకున్నాయి. ఆఖరి మేకు దిగ్గొట్టి, నోటి చుట్టూ జిగురు పూసి, గట్టుని దించేసరికి మూడూ నలభై అయింది.

ఎంత పొట్టిగా ఉందో అప్పుడు కనిపించింది. నిన్నటి గట్టు గోడలా ఉండేది. ఇది గడపలా ఉంది. దీని పక్కన నిలబెట్టడానికి చిన్నమేస్త్రి ఒక చెక్కమనిషిని కూడా ముందే చేసిపెట్టాడు, కొలత తెలియడానికి. గట్టు ఆ మనిషి మోకాలు కూడా దాటలేదు. ఆ మనిషిని చూసి అక్క తల తిప్పుకుంది.

గుమాస్తా చెప్పిన వేళకే వచ్చాడు. సన్నగా, జలుబుతో ముక్కు ఎర్రబడి ఉన్నాడు. నమూనా మీద తుమ్ముతానేమోనన్న భయంతో జేబురుమాలు మూతి మీంచి తీయకుండానే చుట్టూ తిరిగి చూశాడు. ఇంత పని మనుషుల చేతులు చేశాయా అన్నాడు. ఎవరూ నవ్వకపోయేసరికి సంచిలోంచి కాగితాలు తీశాడు.

చేసినవారి సంతకం ఒకటి కావాలన్నాడు. చిన్నమేస్త్రి పెట్టాడు. పటానికీ నమూనాకీ గట్టు దగ్గర తేడా ఉందని, ఉన్న ఎత్తు పద్దెనిమిది అంగుళాలని పక్కనే రాశాడు. గుమాస్తా అది చదివి, రుమాలు జేబులో పెట్టుకుని, ఈసారి అందరి మొహాలూ చూశాడు.

అలా తేడా ఉంటే అసలు ఓడ కట్టినవారు కూడా ఒప్పుకుని సంతకం పెట్టాలన్నాడు. పెట్టకపోతే పటమే నిలుస్తుందట, నమూనాని పక్కన పెట్టేస్తారట. అది నియమమట.

ఆ మాట వాళ్లకి ఇంతకుముందు ఎవరూ చెప్పలేదు. చిన్నమేస్త్రి భార్య కళ్లు మూసుకుంది. అతను మాత్రం కదల్లేకపోయాడు. ఆ కాగితం పట్టుకుని ముందుగదిలోకి వెళ్లి నాన్న ముందు చాచడం తనవల్ల కాదని అతనికి తెలుసు.

వెళ్లక్కర్లేకపోయింది. పెద్దమేస్త్రే వచ్చాడు. చొక్కా గుండీలన్నీ మెడ దాకా పెట్టుకున్నాడు. కొడుకుని గానీ కూతుర్ని గానీ చూడకుండా నేరుగా బల్ల దగ్గరికి వచ్చి వంగాడు. ఈ నాలుగు నెలల్లో ఆయన ఆ గదిలో అడుగు పెట్టడం అదే మొదలు. ఓడ ముందుకొన నించి వెనక్కి, కొయ్యల మీదుగా, తాళ్ల మీదుగా చూపు జరుపుకుంటూ వచ్చి గట్టు దగ్గర ఆగాడు. భూతద్దం అందివ్వబోతే వద్దన్నాడు. బొటనవేలి గోరు గట్టుకి ఆనించి చూసుకున్నాడు.

"ఇది తప్పు," అన్నాడు.

అక్క పీట అంచు పట్టుకుంది. నాన్న ఇంత దూరం నడిచి వచ్చింది కాదనడానికా అనుకున్నాడు చిన్నమేస్త్రి.

"పద్దెనిమిది కాదు," అన్నాడు పెద్దమేస్త్రి. "పదిహేను."

గుమాస్తా కలం గాల్లో ఆగింది.

ఆయన బల్ల మీద రెండు చేతులూ ఆనించి, ఓడతోనే మాట్లాడుతున్నట్టు చెప్పుకుపోయాడు. ఆఖరి ప్రయాణానికి ఎక్కించిన సరుకు ఇనప పీపాలు. ఎత్తలేరు, గట్టు మీంచి దొర్లించాలి. ఇంకో మూడు అంగుళాలు తగ్గించమని యజమాని కబురు పెట్టాడు. ఇద్దరు పనివాళ్లని పెట్టుకుని తనే దగ్గరుండి కోయించాడు. ఆ ఇద్దరూ కూలీలుగా అదే ఓడ ఎక్కారు. ఆ కోత సంగతి తెలిసినవాళ్లలో ఇవాళ బతికున్నది తనూ యజమానీ.

"ఎప్పుడు నాన్నా?" అంది అక్క.

"బయల్దేరే ముందురోజు. మధ్యాహ్నం మీద. అల్లుడు రేవులో లేడు. ఇంటికెళ్లాడన్నారు."

ఇంటికే వచ్చాడు. చెప్పులు వేసుకుని, మళ్లీ విప్పిన వేళ అదే. ఆ లెక్క వేసుకోవడానికి ఆమెకి ఒక్క క్షణం చాలింది. తను ఆయన్ని అడ్డుకోకుండా ఉంటే, ఆయన నేరుగా రేవుకి వెళ్లి ఉంటే, రంపం పట్టుకున్న నాన్నకే ఎదురుపడేవాడు.

"ఆయన రేవుకి తిరిగొచ్చాక చెప్పావా?"

పెద్దమేస్త్రి బల్ల మీంచి చేతులు తీసేశాడు. బయట గుమాస్తా బండివాడు ఎవరితోనో మాట్లాడుతున్నాడు, ఆ మాటలు స్పష్టంగా వినబడుతున్నాయి.

"చెప్తే కదలడని," అన్నాడు చివరికి. "వాడొచ్చేలోగా మూత మీద టార్పాలిన్ కట్టించేశాను. కింది దాకా దించి కట్టించాను. కొలత తెలియకుండా."

కోడలి చేతిలోంచి పట్టకారు కింద పడింది. ఎవరూ వంగి తీయలేదు.

గుమాస్తా గొంతు సవరించుకున్నాడు. తను మామూలు గుమాస్తానని, నమూనా తీసుకెళ్లడానికి మాత్రమే వచ్చానని, కానీ విన్నది విననట్టు ఉండలేనని మెల్లగా అన్నాడు. పదిహేను అని రాసి సంతకం పెడితే అది కొలత మాత్రమే. టార్పాలిన్ మాట కూడా రాస్తే అది వేరే కేసు, తెలిసి దాచిన నేరం, రాశాక వెనక్కి తీసుకోవడం ఉండదు. కాగితం పెద్దాయన ముందుకి జరిపి అడిగాడు.

"ఆ రెండో మాట కూడా రాయమంటారా?"

పెద్దమేస్త్రి కలం అందుకోలేదు.

"నన్నడక్కు బాబూ. మా అమ్మాయిని అడుగు."

గుమాస్తా కాగితం తీసుకుని అక్క వైపు తిరిగాడు.